వాటాలు పడకముందు

మా ముత్తాత లక్ష్మణరావు గారు నిజాం కాలంలో దేశ్‌ముఖ్. శామీర్‌పేట చుట్టుపక్కల పదకొండు గ్రామాల శిస్తు ఆయన చేతి మీదుగా సర్కారుకు చేరేది. మా తాత రంగారావు గారి హయాంలో ఆ హక్కు రద్దయింది. మర్యాద మాత్రం మరికొంత కాలం నిలిచింది. ఆయన ఎదురుపడితే సైకిలు మీద పోయేవాడు దిగి, ఆయన దాటిపోయేదాకా నడిపించుకుంటూ వెళ్లేవాడు. మా నాయిన గారి కాలంలో భూపరిమితి చట్టం వచ్చింది, దాని వెనుక కోర్టు వ్యవహారాలు వచ్చాయి. నా దాకా వచ్చేసరికి ఇల్లూ ఇంటిపేరూ మిగిలాయి. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, జాలి కోసం అసలే కాదు. నేను చెప్పబోయే ఉద్యోగ విషయం ఈ వంశం సంగతి తెలియకపోతే అర్థం కాదు.

2003 జూన్‌లో మేడ్చల్‌లోని ఒక చిన్న కంపెనీలో పాత్రల రచయితగా చేరాను. అప్పటికి నా వయసు నలభై తొమ్మిది. అంతకుముందు ఒక పత్రికలో చాలా ఏళ్లు ఉప సంపాదకుడిగా పనిచేశాను. కంపెనీ హైవే మీద, ఒక ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉండేది. మొత్తం పదిహేడు మందిమి. మొదట పిల్లల పాఠాల సీడీలు చేసేవాళ్లం. ఆ తర్వాత కంప్యూటర్ ఆటల వైపు మళ్లాం.

మాకు వచ్చిన మొదటి పెద్ద పని ఒక మాడ్. ఎవరో తయారుచేసిన ఆటను తీసుకుని, దాని యంత్రాంగాన్ని అలాగే ఉంచి, లోపలి ఊళ్లు, మనుషులు, మాటలు మార్చి కొత్త ఆటగా ఇవ్వడాన్ని మాడ్ అంటారు. అసలు ఆట చలిదేశపు కోటలు, ఓడలు, రాజుల ఆట. దాని యజమానుల అనుమతితో మేం దాన్ని దక్కన్ పల్లెగా మార్చాలి. ఇళ్లూ మనుషుల రూపాలూ చిత్రకారులు గీస్తారు. ఆ మనుషులు ఎవరు, ఏం కోరుకుంటారు, ఏం మాట్లాడతారు అనేది నా పని.

ప్రాజెక్టు లీడ్ సుధాకర్‌ది విజయవాడ, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. మొదటి సమావేశంలోనే నాతో, "రావు గారూ, అలాంటి ఊరు మీకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదండీ. మీకు పూర్తి స్వేచ్ఛ. మీరేది రాస్తే అది పెడతాం," అన్నాడు. పత్రికలో ఇన్ని మాటలు, ఇన్ని గంటలకు అన్న లెక్కతో పనిచేసిన నాకు అలాంటి మాట కొత్త. సంతోషించాను.

ఆటలో పాత్ర మాట్లాడే పద్ధతి కథలో లాగా ఉండదు. ఆడేవాడు ఒక పాత్ర ముందు నిలబడితే తెర మీద నాలుగు వాక్యాలు కనిపిస్తాయి. అందులో ఒకటి నొక్కుతాడు. దానికి పాత్ర జవాబిస్తుంది. ఆ జవాబు నుంచి మళ్లీ కొన్ని వాక్యాలు పుడతాయి. కొమ్మకు కొమ్మ వేస్తుంది కాబట్టి దాన్ని మేం మాటల చెట్టు అనేవాళ్లం. ప్రతి పాత్రకూ ముందుగా ఒక పత్రం రాయాలి: పేరు, వయసు, వృత్తి, ఏం కావాలి, దేనికి భయపడతాడు. ఆ పత్రం లీడ్ చూసి సంతకం పెట్టాక చెట్టు మొదలుపెట్టాలి.

ఆ పల్లెకు దొర పాత్ర ఒకటి ఉంది, దానికి వారం రోజుల్లో నలభై రెండు వాక్యాలు రాశాను. కోపం, దయ, ఎగతాళి, మౌనం తర్వాత వచ్చే ఒక్క మాట, అన్నీ నా చెవిలో ఉన్నవే. తర్వాత చెరువు ఘట్టం రాశాను. అది మా ఇంటి ఆచారం. చెరువులో మొదటి వల పడ్డ రోజు అందులోని పెద్ద చేప మా ఇంటికి వచ్చేది. గంపలో తడి గడ్డి పరిచి, దాని మీద చేపను పెట్టి తెచ్చేవారు. తాతగారు అరుగు మీద నుంచి ఒకసారి చూసి తల ఊపితే అది వంటింట్లోకి పోయేది. నాకు ఆరేడేళ్లు వచ్చేదాకా అది చూశాను. ఆటలో ఆడేవాడు దొర మనిషిగా చెరువుకు వెళ్లి ఆ చేప తేవాలి. సాయన్న అనే బెస్తతో మాట్లాడాలి. ఆజ్ఞాపించవచ్చు, మంచిగా అడగవచ్చు, డబ్బిస్తానని చెప్పవచ్చు, బెదిరించవచ్చు. నాలుగింటికీ సాయన్న చేత నాలుగు రకాల జవాబులు చెప్పించాను. ఒకదాంట్లో వణుకు, ఒకదాంట్లో కృతజ్ఞత, ఒకదాంట్లో మొహమాటం, ఒకదాంట్లో పట్టీపట్టని తనం. ఆ నాలుగు జవాబులూ నేను రాసినవాటిలో మంచివని అప్పట్లో అనుకున్నాను.

2004 ఫిబ్రవరిలో ఆ ఘట్టం పరీక్షకు వెళ్లింది. పరీక్షించేవారిని టెస్టర్లు అంటారు. వారు ఆటను అన్ని దారుల్లో ఆడి, తప్పు కనిపిస్తే నంబరు వేసి బగ్ నమోదు చేస్తారు. ఎవరి భాగంలో తప్పుంటే వారు రెండు పని దినాల్లో జవాబివ్వాలి. 'సరిచేశాను' అనవచ్చు, లేదా 'ఉద్దేశపూర్వకం' అని మూసేయవచ్చు. మూసిన బగ్‌ను టెస్టర్ మళ్లీ తెరిస్తే లీడ్ నిర్ణయిస్తాడు. లీడ్ తోసిపుచ్చితే అది టెస్టర్ పేరు మీద మచ్చగా నిలుస్తుంది. టెస్టర్ల మూడు నెలల ఒప్పందం ముగిసేటప్పుడు అలాంటివి మూడుంటే ఒప్పందం పొడిగించరు.

బాలమణి మా ముగ్గురు టెస్టర్లలో ఒకరు. డిగ్రీ మేడ్చల్‌లోనే చదివింది. శామీర్‌పేట నుంచి బస్సులో వచ్చేది. వారిది చెరువు మీద బతికే కుటుంబం. తల్లి మేడ్చల్ మార్కెట్లో చేపల గంప పెట్టుకుని కూర్చునేది. ఈ అమ్మాయి పేరు మీద అప్పటికే రెండు మచ్చలున్నాయి. ఫిబ్రవరి ఆఖరికి ఒప్పందం ముగుస్తుంది. మేడ్చల్‌లో అలాంటి కంపెనీ మాదొక్కటే. సిటీలో హాస్టల్లో ఉండి పనిచేయడానికి ఇంట్లో ఒప్పుకోరని అందరికీ తెలుసు. ఇది పోతే ఆమె వెళ్లవలసింది తల్లి గంప దగ్గరికే.

ఆమె నా చెరువు ఘట్టం మీద బగ్ వేసింది. నాలుగు దారులూ ఒకే చోటికి పోతున్నాయి, ఇది తప్పు, అని రాసింది. నేను 'ఉద్దేశపూర్వకం' అని మూసేశాను. మరునాడు అది మళ్లీ తెరిచి ఉంది. నేను మూసిన బగ్‌ను ఒక టెస్టర్ తిరిగి తెరవడం అదే మొదటిసారి. ఆమెను పిలిచి, విషయం లీడ్ ముందుకు పోతే నీకే నష్టమని చెప్పాను. బెదిరించాలని అనలేదు, ఉన్న నియమం చెప్పాను.

"నాకెర్కనే సార్," అంది. "కని నాలుగు దిక్కుల ఏడ నొక్కినా చేప చేతికే వస్తాంది. తిట్టినా అదే, బతిమాలినా అదే. ఇగ గిండ్ల ఆట ఏడుంది?"

అది ఆట లోపం కాదనీ, ఆ కాలం అంతేననీ అన్నాను. దొర అడిగితే కాదన్న బెస్తను నేను చూడలేదనీ, చూడనిది రాస్తే అబద్ధమవుతుందనీ చెప్పాను.

"మా తాత గూడ ఇచ్చిండు సార్. మీ ఇంటికే ఇచ్చిండు. ఒక్కనాడు కాదనలే." ఆమె గొంతు పెంచలేదు. "మీకైతే ఏదన్న రాయొచ్చని చెప్పిండ్రు గద. గంత ఫ్రీడంల గీ ఒక్క మాట దొర్కలేదా మీకు?"

పక్క బల్లల వాళ్లు తలలు కంప్యూటర్లలో దూర్చారు. నేను నడిచి వస్తుంటే "దొరొస్తుండు, లేవుండ్రి" అని వెనుక గుసగుసలాడేవాళ్లని నాకు తెలుసు. ఆ రోజు ఆ మాటా వినిపించలేదు. చేపను తెచ్చినవాడి ముఖం గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాను. గంప గుర్తుంది. చేప బొచ్చె అని గుర్తుంది, దాని తోక గంప దాటి వేలాడేది. మనిషి గుర్తు లేడు.

విషయం సుధాకర్ దగ్గరికి వెళ్లింది. అతను రెండు వైపులా విని నవ్వి, "చేప కోసం యుద్ధమేంటండీ! సాయన్న కూడా స్వేచ్ఛగా కాదనొచ్చని పెట్టేద్దాం, అయిపోతుంది," అన్నాడు. శనివారం సాయంత్రానికి ఘట్టం తేలాలని, తేలకపోతే మొదట రాసినదే ఉంచి బగ్ తోసిపుచ్చుతానని చెప్పాడు. అలా చేస్తే బాలమణికి మూడో మచ్చ పడుతుంది. ఆ రోజు బుధవారం.

నేను గంటలో మార్చి ఇచ్చాను. సాయన్న నాలుగు దారుల్లోనూ "ఇవ్వను" అంటాడు. ముగ్గురు టెస్టర్లూ ఆడారు. ఒకడు పదకొండు సార్లు నొక్కి చూసి లేచి చాయ్‌కి పోయాడు. ఆటల పనిలో ఒక నియమం ఉంది: ఏ ఘట్టమూ గుడ్డి సందులో ఆగకూడదు, ఆడేవాడికి ఎటో ఒకటి తోవ ఉండాలి. నా మార్పు ఆ నియమం తప్పింది. దాన్ని బాలమణే ఎత్తి చూపింది. తనకు అనుకూలంగా ఉన్న మార్పును ఆమె అంగీకరించి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"సార్, ముందుగాలది దొర గడీల పెంచిన చిలక మాట," అంది. "గిది గోడ మాట. మనిషి గిట్ల కాదనడు."

మనిషి ఎలా కాదంటాడని అడిగాను.

"నేన్ చెప్తే నా మాటైతది. చెరువు కాడికి పోయి మీరే అడుగుండ్రి. రేపు సంఘం వల పడ్తది. మస్తు మంది ఉంటరు, ఎవ్వరో ఒకరు కాదనకపోతరా?" అని మొదటిసారి నవ్వింది.

గురువారం పొద్దున సెలవు చీటీ ఇచ్చి శామీర్‌పేట వెళ్లాను. మత్స్యకారుల సంఘం వాళ్లు ఇరవై మంది దాకా రెండు కొసల నుంచి వల లాగుతున్నారు. ఎనిమిది దాటాక వల ఒడ్డుకు చేరింది. చేపలను తాటిపత్రి పట్టా మీద కుమ్మరించారు. అందులో ఒక పెద్ద బొచ్చె ఉంది. సంఘం పెద్ద ఎల్లయ్యకు డెబ్బై ఏళ్లుంటాయి. నన్ను చూడగానే గుర్తుపట్టాడు, నా పేరు కంటే ముందు మా తాత పేరు చెప్పాడు. గొంగడి పరిపించాడు. చాయ్ తెప్పించాడు. నేను ఆ బొచ్చె కావాలని అడిగాను. ధర ఎంతైనా ఇస్తానన్నాను.

"చేప లేదు దొరా," అన్నాడు.

నేను తాటిపత్రి వైపు చూశాను. అతనూ చూశాడు.

"కనవడేది చేపనే. మీకు లేదు."

నాకు కోపం రావలసింది. అంత నెమ్మదిగా చెప్పాడు కాబట్టి రాలేదు. వేరే ఎవరికైనా మాటిచ్చారా అని అడిగాను. లేదన్నాడు. మరెందుకు ఇవ్వవని అడిగాను.

"వాటాలు వడలే ఇంక. వాటాలు వడకముందు గది నాది కాదు, ఎవ్వంది కాదు. నాదైతే మీరడిగినంక ఆపేటంత మొగోన్ని కాదు దొరా, ఇచ్చేద్దును. మా అయ్య గట్లనే ఇచ్చిండు. ఒక్కని వల, ఒక్కని చేప, ఎట్ల కాదంటడు?" చాయ్ గ్లాసు కింద పెట్టి, వెనుక ఉన్నవాళ్లను చేత్తో చూపించాడు. "ఇప్పుడు నా చేతుల లేదు. గందుకే మంచిగ కాదంటున్న. చాయ్ తాగుండ్రి, సల్లగైతాంది."

వెనుక నుంచి ఒకడు, "సర్పంచొచ్చినా గిదే మాటనే, పరేషాన్ గాకుండ్రి," అన్నాడు. అందరూ నవ్వారు. ఎల్లయ్య కూడా నవ్వాడు.

వాటాలు వేసే పద్ధతి అక్కడే చూశాను. వల లాగినవాళ్లు ఎంతమందో అన్ని కుప్పలు చేస్తారు. చిన్నవీ పెద్దవీ కలిపి, చూపుకు సమానంగా. ఒక్కొక్కడు ఒక గుర్తు ఇస్తాడు: గులకరాయి, చింతపుల్ల, బీడీ ముక్క, గుండీ. వాటిని తువ్వాలులో వేసి కలిపి, ఏ గుర్తు ఎవరిదో తెలియని మనిషి చేత ఒక్కో కుప్ప మీద ఒక్కోటి పెట్టిస్తారు. మామూలుగా దారిన పోయేవాణ్ని పిలుస్తారట. ఆ రోజు ఎల్లయ్య తువ్వాలు నా ముందు పెట్టి, "జర మీరెయ్యిండ్రి దొరా. మీకెవ్వని గుర్తు ఎర్కలేదు, మీరే మంచి," అన్నాడు. వంగి ఒక్కొక్కటీ పెట్టాను. అన్నీ పెట్టేసరికి నడుము పట్టేసింది. బొచ్చె ఉన్న కుప్ప మీద నేను పెట్టినది ఒక ఎర్ర గుండీ. అది ఒక నడివయసు స్త్రీది, భర్తకు బదులు వల లాగడానికి వచ్చిందట. ఎల్లయ్య నావైపు తిరిగి, "ఇగ గామెను అడుగుండ్రి. ఇస్తే ఇస్తది, లేకుంటె లేదు, గామె ఇష్టం," అన్నాడు. నేను అడగలేదు.

బస్సులో మేడ్చల్ తిరిగి వస్తూ కాగితం తీశాను. నా సాయన్న పత్రంలో ఒక వరుస లేదని అర్థమైంది. ఏం కావాలి, దేనికి భయపడతాడు అని రాశాను. అతని చేతిలో లేనిదేమిటో రాయలేదు. అతనికి ఒక్కడికే ఒక వల, ఒక చేప, నోట్లో ఏ మాటైనా అనగల స్వేచ్ఛ ఇచ్చాను. అలాంటివాడు దొర ముందు ఇవ్వక తప్పదు. మొండికేస్తే గోడ అవుతాడు. పదిమందితో కలిపి ఒక కట్టుబాటులో నిలబెడితే చాయ్ పోసి మరీ కాదనగలడు. ఇవ్వడానికి వీల్లేనివాడికే కాదనడానికి వీలుంది. నా సంగతీ అంతే. పూర్తి స్వేచ్ఛ ఇచ్చినప్పుడు నేను రాసినదంతా మా ఇంటి అరుగు మీద నుంచి కనిపించేదే.

శుక్రవారం, శనివారం మధ్యాహ్నం దాకా రాశాను. సాయన్నకు కొత్త చెట్టు వేశాను. ఏ దారిలో అడిగినా చేప రాదు. ప్రతి దారిలోనూ అతను కూర్చోబెట్టి, ఎందుకు రాదో ఒక కొత్త సంగతి చెబుతాడు. చివరికి ఆడేవాడికి ఒకే తోవ మిగులుతుంది: అంగీ విప్పి వల లాగడం. అసలు ఆటలో ఓడ తాడు లాగే కదలిక ఉంది, దాన్నే ప్రోగ్రామర్లు వలకు వాడారు. లాగితే వాటా పడుతుంది. ఏ చేప వస్తుందో ఆట చీటీ వేసినట్టు నిర్ణయిస్తుంది. సాధారణంగా చిన్నదే వస్తుంది.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆ చిన్న చేపతో ఆడేవాడు దొర ముందుకు వస్తాడు. దొర ఏమనాలి? నలభై రెండు వాక్యాలు ముందు పెట్టుకుని చూశాను. ఒక్కటీ పనికి రాలేదు. తిడితే నాటకంలా ఉంది, మెచ్చుకుంటే అబద్ధంలా ఉంది. మా తాతగారికీ చేతిలో లేనిది ఒకటి ఉండి ఉండాలి కదా అనుకున్నాను. ఆయన ఒకరి వాటా తినడు. హక్కుగా వచ్చింది తింటాడు, కొన్నది తింటాడు, ఇంకొకడి కూలి తినడు. అది ఆయన ఆత్మగౌరవం, దాన్ని దాటి ఆయన పోలేడు. మిగతావన్నీ కొట్టేసి రెండు వాక్యాలు రాశాను. "అడిగింది తెచ్చినవా, నీది తెచ్చినవా?" ఆడేవాడు తనదేనని చెబితే: "అయితే ఇంటికి తీసుకపో. పొయ్యి మీద ఎసరు పెట్టుమను." ఘట్టం అక్కడ ముగుస్తుంది.

శనివారం నాలుగు గంటలకు టెస్టర్లు ఆడారు. చాయ్‌కి లేచిపోయినవాడు మూడుసార్లు వల లాగాడు, ప్రతిసారీ చిన్న పరకలే పడ్డాయని తిట్టుకున్నాడు. నాలుగోసారి లాగడానికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. బాలమణి చివరిదాకా ఆడి, దొర మాట వచ్చిన చోట ఆగింది. ఆ వాక్యం మీద బగ్ ఏమైనా వేస్తుందా అని చూశాను.

"గిట్ల అనేటోడా మీ తాత?" అని అడిగింది.

అనేవాడో కాదో నాకు తెలియదన్నాను. ఎవరూ ఆయనకు తమ వాటా తెచ్చి ఇవ్వలేదు, అనవలసిన అవసరం రాలేదు, అన్నాను.

"ఉండనీయుండ్రి సార్," అంది.

బగ్‌ను సరైనదిగా మూయాలంటే తప్పు ఎవరిదో ఒక గడిలో రాయాలి. సుధాకర్ నన్ను పక్కకు పిలిచి, "యంత్రంలో తప్పని రాద్దామండీ. మీ పేరెందుకు? మీరు పెద్దవారు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ యంత్రం తప్పని రాస్తే ఆ బగ్ ప్రోగ్రామర్ల లెక్కలోకి పోతుంది, కనిపెట్టిన టెస్టర్ పేరుకు చేరదు, మచ్చ మిగలకపోయినా మెప్పు ఉండదు. అప్పటిదాకా ఏ బగ్ కిందా నా పేరు లేదు. నేను ఆ గడిలో 'రచయిత లోపం' అని రాసి పూర్తి పేరు, తేదీ వేశాను. చేయని తప్పు ఒప్పుకోవడం మా ఇంట్లో లేదు. చేసిన తప్పు ఇంకొకరి మీద పెట్టడమూ లేదు.

బాలమణి ఒప్పందం మార్చి ఒకటి నుంచి ఆరు నెలలకు పొడిగించారు. ఆ తర్వాత శాశ్వత ఉద్యోగం ఇచ్చారు. నేను ఇంకో తొమ్మిదేళ్లు ఆ వృత్తిలో ఉండి 2013లో విరమించాను. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవారికి పాత్ర పత్రంలో మొదటి వరుస మార్చి ఇచ్చేవాణ్ని. పేరు కంటే ముందు, ఈ మనిషి చేతిలో లేనిదేమిటి అని ఉండేది. అది నింపలేని పాత్ర చేత ఏ మాటైనా అనిపించవచ్చు, అందువల్ల ఏ మాటా నిలవదు. ఈ ఘట్టం వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. మా కుటుంబం గురించి కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. తెలిసినదాన్నే ఇంకో వైపు నుంచి చూశాను.

2006 వేసవిలో, మాకు మిగిలిందని చెప్పిన ఆ పాత ఇంటి వెనుక భాగం విప్పించి, పద్దెనిమిది టేకు దూలాలూ రెండు తలుపులూ యాప్రాల్‌లో కొత్త ఇల్లు కట్టుకుంటున్న ఒకరికి అమ్మాను.